సాఫ్ట్‌వేర్ సేవల్లో ముందంజ, ఉత్పత్తుల్లో వెనుకబాటు: ప్రభుత్వ విధానాల పాత్ర ఎంత?

గుజరాత్‌లోని వాడినార్‌లో ఏటా 2 కోట్ల టన్నుల ముడిచమురును శుద్ధి చేయగల కర్మాగారం ఒకటుంది. దానిని నడిపే నయారా ఎనర్జీ సంస్థకు 2025 జూలైలో ఊహించని చిక్కు ఎదురైంది. ఉద్యోగుల ఈ-మెయిల్, సమావేశాలకు వాడే సాఫ్ట్‌వేర్, కంపెనీ సమాచార నిల్వలు హఠాత్తుగా అందుబాటులో లేకుండా పోయాయి. రష్యా చమురు సంస్థ రోస్‌నెఫ్ట్‌కు నయారాలో వాటా ఉంది. ఆ కారణంగా ఐరోపా సమాఖ్య నయారాపై ఆంక్షలు విధించింది. వాటిని అనుసరించి మైక్రోసాఫ్ట్ తన సేవలను నిలిపివేసింది. భారతదేశ చట్టం గానీ, అమెరికా చట్టం గానీ అలా చేయాలని కోరడం లేదని, సేవలకు పూర్తిగా సొమ్ము చెల్లించామని నయారా ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. కొద్దిరోజుల్లోనే సేవలు పునరుద్ధరణ అయ్యాయి. వివాదం అక్కడితో సద్దుమణిగినా, అది లేవనెత్తిన ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

ప్రపంచంలోని పెద్ద బ్యాంకులకు, విమానయాన సంస్థలకు, బీమా కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాసిపెడుతున్న దేశం, తన చమురుశుద్ధి కర్మాగారంలో ఉత్తర ప్రత్యుత్తరాలకు పరాయి సాఫ్ట్‌వేర్ మీద ఎందుకు ఆధారపడవలసి వచ్చింది? దీనికి సమాధానం మన ఇంజనీర్ల ప్రతిభలో వెతికితే దొరకదు. ఐదు దశాబ్దాలుగా ప్రభుత్వాలు ఏ మార్గాన్ని ప్రోత్సహించాయి, ఏ మార్గాన్ని పట్టించుకోలేదు అన్న చరిత్రలో వెతకాలి.

సేవ వేరు, ఉత్పత్తి వేరు

విషయంలోకి వెళ్లే ముందు ఒక తేడాను గుర్తించాలి. ఒక దర్జీ మనం ఇచ్చిన కొలతలకు, మనం ఇచ్చిన వస్త్రంతో చొక్కా కుట్టి కూలి తీసుకుంటాడు. ఒక దుస్తుల కంపెనీ తన పేరుతో వేల చొక్కాలు తయారుచేసి దుకాణాల్లో అమ్ముతుంది. మొదటిది సేవ, రెండవది ఉత్పత్తి. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. విదేశీ ఖాతాదారు కోరినట్లు ప్రోగ్రాములు రాసి, పనిచేసిన గంటలను బట్టి సొమ్ము తీసుకోవడం సాఫ్ట్‌వేర్ సేవ. ఒకసారి తయారుచేసిన ప్రోగ్రామును లక్షల మందికి లైసెన్సు మీద గానీ, నెలవారీ చందా మీద గానీ అమ్మడం సాఫ్ట్‌వేర్ ఉత్పత్తి.

సేవలో ఆదాయం పెరగాలంటే మనుషుల సంఖ్య పెరగాలి. ఉత్పత్తిలో మనుషులు అంతగా పెరగకపోయినా ఆదాయం పెరుగుతుంది. సేవలో తయారైన ప్రోగ్రాముపై హక్కు సాధారణంగా ఖాతాదారుకు వెళుతుంది. ఉత్పత్తిలో ఆ హక్కు తయారీదారు వద్దే ఉంటుంది. అయితే ఉత్పత్తికి ముందుగా పెట్టుబడి కావాలి, సంవత్సరాల ఓపిక కావాలి, విఫలమైతే భరించగల శక్తి కావాలి. భారతీయ పరిశ్రమ ప్రధానంగా సేవల మీద ఎదిగింది. పరిశ్రమ సంఘం నాస్‌కామ్ అంచనా ప్రకారం 2024-25లో ఈ రంగం ఆదాయం సుమారు 28 వేల కోట్ల డాలర్లు. అందులో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఎగుమతులే. ఈ రంగం మీద నేరుగా ఆధారపడిన ఉద్యోగుల సంఖ్య సుమారు 58 లక్షలు.

నియంత్రణల కాలంలో పడిన పునాది

1970ల నాటి భారతదేశంలో విదేశీ మారకద్రవ్యం అరుదైన వస్తువు. కంప్యూటరు దిగుమతి చేసుకోవాలంటే డాలర్లు కావాలి. డాలర్లు ఖర్చు చేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. 1970లో ఎలక్ట్రానిక్స్ శాఖను, ఆ మరుసటి ఏడాది ఎలక్ట్రానిక్స్ కమిషన్‌ను కేంద్రం ఏర్పాటు చేసింది. కంప్యూటర్లను దేశంలోనే తయారుచేసుకోవాలన్నది నాటి ధ్యేయం. 1967లో హైదరాబాద్‌లో నెలకొన్న ప్రభుత్వరంగ సంస్థ ఈసీఐఎల్ స్వదేశీ కంప్యూటర్ల తయారీకి పూనుకుంది.

ఈ వాతావరణంలోనే 1972లో ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేసి, నిర్ణీత కాలంలో నిర్ణీత విలువ మేరకు డాలర్లు తెచ్చిపెడతామని హామీ ఇచ్చిన సంస్థలకు కంప్యూటర్ల దిగుమతికి అనుమతి లభించింది. 1968లో ప్రారంభమైన టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఎఫ్.సి. కోహ్లీ నాయకత్వంలో ఈ అవకాశాన్ని అందిపుచ్చుకుంది. తొలి అడుగులోనే ఒక సూత్రం స్థిరపడిపోయింది. దేశీయ సాఫ్ట్‌వేర్ సంస్థ విలువను ప్రభుత్వం కొలిచింది అది తెచ్చే డాలర్లతో. స్వదేశంలో ఒక కర్మాగారానికో, బ్యాంకుకో అది పరిష్కరించే సమస్యతో కాదు.

1973 నాటి విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం రెండవ మలుపు. దేశంలోని విదేశీ కంపెనీలు తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలని ఆ చట్టం కోరింది. కంప్యూటర్ రంగంలో ఆధిపత్యం చలాయిస్తున్న ఐబీఎం అందుకు అంగీకరించక 1978లో దేశం వీడింది. ఆ సంస్థ యంత్రాలు నెలకొన్న చోట్ల వాటి నిర్వహణ బాధ్యతను ప్రభుత్వరంగంలోని కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అంటే సీఎంసీ స్వీకరించింది. ఒకే కంపెనీ యంత్రాలకు అలవాటుపడిన మన ఇంజనీర్లు రకరకాల యంత్రాలపై పనిచేయడం నేర్చుకోవలసి వచ్చింది. ఆ నేర్పు తరువాతి కాలంలో విదేశాల్లో వారికి అక్కరకు వచ్చింది.

సీఎంసీ సాధించిన ఒక ఘనతను మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1980ల మధ్యలో న్యూఢిల్లీలో మొదలైన రైల్వే టికెట్ల కంప్యూటర్ రిజర్వేషన్ వ్యవస్థను తీర్చిదిద్దింది ఆ సంస్థే. మన రైళ్లలో ఎన్ని తరగతులు, ఎన్ని రకాల రాయితీలు, ఎన్ని కోటాలు ఉంటాయో ప్రయాణికులకు తెలిసిందే. ఆ చిక్కుముడిని విప్పగల సాఫ్ట్‌వేర్ విదేశీ మార్కెట్లో సిద్ధంగా లేదు. దేశీయ అవసరం, దాని కోసం ఖర్చు చేయడానికి సిద్ధపడిన ప్రభుత్వ కొనుగోలుదారు, పని అప్పగించదగిన దేశీయ సంస్థ – ఈ మూడూ కలిసినప్పుడు ఏమి సాధ్యమో ఆ వ్యవస్థ చూపింది. ఆ కలయిక మళ్లీ మళ్లీ జరగకపోవడమే మన కథలోని లోటు. సీఎంసీలో మెజారిటీ వాటాను ప్రభుత్వం 2001లో టాటా సంస్థకు అమ్మింది. 2015లో అది టీసీఎస్‌లో విలీనమైంది.

1984 నుంచి 1991: తలుపులు తెరుచుకున్న వేళ

1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం నూతన కంప్యూటర్ విధానాన్ని ప్రకటించింది. దిగుమతి నిబంధనలు సడలాయి, సుంకాలు తగ్గాయి. 1986లో సాఫ్ట్‌వేర్ ఎగుమతి, అభివృద్ధి, శిక్షణలకు ప్రత్యేక విధానం వచ్చింది. సాఫ్ట్‌వేర్‌ను ఒక పరిశ్రమగా గుర్తించడం, ఉపగ్రహ అనుసంధానం ద్వారా ఇక్కడి నుంచే విదేశాలకు పని పంపే వీలు కల్పించడం ఆ దిశలో కీలక పరిణామాలు. అప్పటివరకు సాఫ్ట్‌వేర్ ఎగుమతి అంటే ప్రోగ్రామరును విమానం ఎక్కించి పంపడమే. 1985లో బెంగళూరులో కేంద్రాన్ని నెలకొల్పిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, ఇంజనీరు ఇక్కడే ఉండి పనిని మాత్రం ఉపగ్రహం ద్వారా పంపవచ్చని నిరూపించింది.

అయినా చిన్న సంస్థలకు దారి సుగమం కాలేదు. 1981లో పది వేల రూపాయల మూలధనంతో ఏడుగురు ఇంజనీర్లు ప్రారంభించిన ఇన్ఫోసిస్‌కు ఒక టెలిఫోన్ కనెక్షన్, ఒక కంప్యూటరు దిగుమతి అనుమతి సంపాదించడానికి ఎంత కాలం పట్టిందో దాని వ్యవస్థాపకులు పలు వేదికలపై చెప్పారు.

ఆ చిక్కులకు సంస్థాగత పరిష్కారంగా 1991 జూన్‌లో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా, అంటే ఎస్‌టీపీఐ రిజిస్టరు అయింది. హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో దాని కేంద్రాలు వెలిశాయి. ఈ విధానం కింద నమోదైన సంస్థకు మూడు సౌకర్యాలు దక్కాయి. సుంకం లేకుండా యంత్రాల దిగుమతి మొదటిది. సొంతంగా ఉపగ్రహ కేంద్రం పెట్టుకోలేని చిన్న సంస్థకు అద్దెపై అనుసంధానం రెండవది. అనుమతులన్నీ ఒకేచోట లభించడం మూడవది. వీటికి తోడు ఎగుమతి లాభాలపై ఆదాయపు పన్ను మినహాయింపు 2011 మార్చి 31 వరకు కొనసాగింది. ఒక కార్యాలయం, కొద్దిమంది ఇంజనీర్లు, ఒక విదేశీ ఖాతాదారు ఉంటే చాలు, కంపెనీ పెట్టవచ్చన్న ధైర్యాన్ని ఎస్‌టీపీఐ ఇచ్చింది.

అదే 1991 జూలైలో రూపాయి విలువ తగ్గింపుతో ఎగుమతిదారుకు వచ్చే రూపాయల మొత్తం పెరిగింది. 1992లో మూలధన జారీపై నియంత్రణ తొలగడంతో కంపెనీలు తమ వాటాల ధరను తామే నిర్ణయించుకోగలిగాయి. ఇన్ఫోసిస్ 1993లో ప్రజలకు వాటాలు జారీచేసి, 1999లో అమెరికాలోని నాస్‌డాక్‌లో నమోదైంది. భారతదేశంలో రిజిస్టరైన కంపెనీ ఒకటి అక్కడ నమోదు కావడం అదే ప్రథమం.

హైదరాబాద్ అనుభవం

1998లో వాజ్‌పేయి ప్రభుత్వం సమాచార సాంకేతికతపై జాతీయ కార్యదళాన్ని నియమించింది. జస్వంత్ సింగ్ అధ్యక్షుడు కాగా, నాటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, శాస్త్రవేత్త ఎం.జి.కె. మీనన్ సహాధ్యక్షులు. ఆ దళం కొద్దినెలల్లోనే 108 సిఫార్సులు చేసింది. 2008 నాటికి 5 వేల కోట్ల డాలర్ల సాఫ్ట్‌వేర్ ఎగుమతి లక్ష్యాన్ని ముందుంచింది. ఇక్కడా కొలబద్ద ఎగుమతే.

అదే ఏడాది నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ మొదలైంది, మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం వచ్చింది. కోస్తా, రాయలసీమ, తెలంగాణ జిల్లాల్లో ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు విస్తరించాయి. మధ్యతరగతి, రైతు కుటుంబాల పిల్లలు తొలితరం ఇంజనీర్లయ్యారు. తెలుగునాట ఎన్ని కుటుంబాల ఆర్థిక స్థితిని ఈ రంగం మార్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ప్రభుత్వ విధానం అంటే ప్రోత్సాహకాలు మాత్రమే కాదు, ఆపదలో చేసే జోక్యం కూడా అని హైదరాబాద్ అనుభవమే నేర్పింది. 1987లో ప్రారంభమై దేశంలోని అగ్రశ్రేణి సంస్థల సరసన చేరిన సత్యం కంప్యూటర్స్‌లో ఖాతాల తారుమారు 2009 జనవరి 7న బయటపడింది. కేంద్రం రోజుల వ్యవధిలోనే ఆ సంస్థ డైరెక్టర్ల బోర్డును తొలగించి, తాను ఎంపికచేసిన వారిని నియమించింది. బహిరంగ వేలం ద్వారా అదే ఏడాది ఏప్రిల్‌లో సంస్థ టెక్ మహీంద్రా చేతికి వచ్చింది. ప్రభుత్వం సొంతంగా సొమ్ము కుమ్మరించలేదు, కంపెనీని జాతీయం చేయలేదు. ఖాతాదారుల నమ్మకం పూర్తిగా సడలకముందే కొత్త యాజమాన్యాన్ని తెచ్చింది. వేలాది ఉద్యోగాలు నిలిచాయి. వాటాదారులు మాత్రం తీవ్రంగా నష్టపోయారు.

ఉత్పత్తి సంస్థలకు ఏమైంది?

సేవల ఎగుమతికి దొరికినంత ఆదరణ స్వదేశంలో ఉత్పత్తిని అమ్మదలచిన సంస్థకు దొరకలేదు. ఎగుమతి లాభంపై పన్ను లేదు, దేశంలో అమ్మకంపై ఉంది. పైగా, సాఫ్ట్‌వేర్ అసలు వస్తువా, సేవా అన్న సందేహమే చాలాకాలం తేలలేదు. ఈ వివాదం ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు చేరింది. టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య కేసులో రాజ్యాంగ ధర్మాసనం 2004 నవంబరులో తీర్పునిచ్చింది. డిస్కులో నింపి అమ్మే తయారుగా ఉన్న సాఫ్ట్‌వేర్ వస్తువే కనుక రాష్ట్రం దానిపై అమ్మకపు పన్ను విధించవచ్చునని తేల్చింది. అదే సమయంలో, లైసెన్సు ఇవ్వడాన్ని సేవగా భావించే పన్ను అధికారులూ ఉండేవారు. ఒకే అమ్మకంపై రెండు పన్నుల భయం చిన్న సంస్థలను చాలాకాలం వెంటాడింది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చాకే ఈ చిక్కు చాలావరకు తొలగింది.

రెండవ అవరోధం మార్కెట్. దొంగ ప్రతులు విరివిగా తిరిగే చోట సాఫ్ట్‌వేర్‌కు ధర చెల్లించే అలవాటు ఆలస్యంగా ఏర్పడింది. 1997లో భారతదేశం ప్రపంచ వాణిజ్య సంస్థ పరిధిలోని సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, కంప్యూటర్ వస్తువులపై సుంకాలను దశలవారీగా ఎత్తివేసింది. వాడకందారులకు అది మేలు చేసింది. దేశీయ తయారీదారులకు మాత్రం తొలినుంచే ప్రపంచ దిగ్గజాలతో పోటీ తప్పలేదు.

అయినా నిలదొక్కుకున్న సంస్థలు ఉన్నాయి. 1986లో మొదలైన టాలీ, మన వ్యాపారుల జమాఖర్చుల పద్ధతిని అర్థం చేసుకుని దుకాణాల్లోకి చొచ్చుకుపోయింది. పన్ను నిబంధనలు మారిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్‌ను మార్చి ఇవ్వడమే దాని బలం. ఇన్ఫోసిస్ వారి ఫినకిల్, ఐ-ఫ్లెక్స్ వారి ఫ్లెక్స్‌క్యూబ్ బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్లు అనేక దేశాలకు వెళ్లాయి. ఐ-ఫ్లెక్స్ మాత్రం 2005 తరువాత ఒరాకిల్ పరమైంది. 1996లో అడ్వెంట్‌నెట్‌గా మొదలైన జోహో, బయటి పెట్టుబడులు తీసుకోకుండానే తమిళనాడు గ్రామీణ ప్రాంతాల నుంచి కూడా పనిచేస్తూ ప్రపంచ మార్కెట్లో స్థానం సంపాదించింది. 2015లో హైదరాబాద్‌లో మొదలైన డార్విన్‌బాక్స్, ఉద్యోగుల వ్యవహారాల నిర్వహణకు సాఫ్ట్‌వేర్ తయారుచేసి విదేశాలకు విస్తరించింది. ఇవి విధానం వల్ల పుట్టిన సంస్థలు అనడం కంటే, విధానం పెద్దగా పట్టించుకోకపోయినా నిలిచిన సంస్థలు అనడం సబబు.

ఈ లోటును గుర్తించి కేంద్ర మంత్రివర్గం 2019 ఫిబ్రవరిలో జాతీయ సాఫ్ట్‌వేర్ ఉత్పత్తుల విధానాన్ని ఆమోదించింది. 2025 నాటికి 10 వేల సాంకేతిక అంకుర సంస్థలకు చేయూత, అందులో వెయ్యి ద్వితీయ, తృతీయ శ్రేణి పట్టణాల్లో, 20 సాఫ్ట్‌వేర్ ఉత్పత్తి సముదాయాలు వంటి లక్ష్యాలు అందులో ఉన్నాయి. ఉత్పత్తిని సేవ నుంచి వేరుచేసి ప్రభుత్వం ఒక పూర్తి విధాన పత్రాన్ని రూపొందించడానికి, తొలి ఎగుమతి పథకం తరువాత ఐదు దశాబ్దాలకు చేరువైంది.

ప్రభుత్వమే పెద్ద ఖాతాదారు

చిన్న ఉత్పత్తి సంస్థకు రాయితీ కంటే విలువైనది తొలి కొనుగోలు ఉత్తర్వు. ప్రభుత్వ శాఖ ఒకటి తన ఉత్పత్తిని వాడుతోందని చూపగలిగితే ప్రైవేటు ఖాతాదారు కూడా నమ్ముతాడు. కానీ మన టెండర్లలో మూడేళ్ల అనుభవం, కోట్ల టర్నోవరు, పెద్ద ధరావతు అడగడం ఆనవాయితీ. కొత్త సంస్థ ఆ గడప దాటలేదు. పాస్‌పోర్టు సేవ టీసీఎస్‌కు, వస్తుసేవల పన్ను యంత్రాంగం, ఆదాయపు పన్ను కొత్త పోర్టల్ ఇన్ఫోసిస్‌కు దక్కాయి. ఇవి దేశీయ సంస్థలే, చేసిన పని విస్తృతమైనదే. 2021లో ఆదాయపు పన్ను పోర్టల్ ప్రారంభమైనప్పుడు తలెత్తిన లోపాలపై ఆర్థిక మంత్రి ఆ సంస్థ అధినేతను పిలిపించి వివరణ కోరిన సందర్భమూ ఉంది. ఒకే పెద్ద కాంట్రాక్టుగా కట్టిపెడితే, దేశీయ సంస్థకే ఇచ్చినా, పొరపాటు జరిగినప్పుడు ప్రత్యామ్నాయం ఉండదన్నది అందులోని పాఠం.

2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనలు గుర్తింపు పొందిన అంకుర సంస్థలకు పూర్వానుభవం, టర్నోవరు, ధరావతు నిబంధనల నుంచి సడలింపు కల్పించాయి. అదే ఏడాది దేశీయ ఉత్పత్తులకు ప్రాధాన్యమిచ్చే కొనుగోలు ఉత్తర్వు వెలువడింది. 2015లో ప్రభుత్వ వ్యవస్థల్లో ఓపెన్ సోర్స్, అంటే మూల సంకేతం అందరికీ అందుబాటులో ఉండే సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలన్న విధానం వచ్చింది. ఇటీవల కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఈ-మెయిల్ వ్యవస్థను జోహో వేదికకు మార్చడం ఈ దిశలో పెద్ద అడుగు.

అయితే సడలింపు ఇవ్వాలా వద్దా అన్న విచక్షణ చాలా సందర్భాల్లో కొనుగోలు చేసే శాఖదే. బాగా పేరున్న విదేశీ సాఫ్ట్‌వేర్ కొని అది పనిచేయకపోతే అధికారిని ఎవరూ తప్పుపట్టరు. తెలియని దేశీయ సంస్థ సాఫ్ట్‌వేర్ కొని అది పనిచేయకపోతే ఆడిట్ అభ్యంతరం ఆయన మెడకు చుట్టుకుంటుంది. చెల్లింపుల జాప్యం మరొక సమస్య. చిన్న పరిశ్రమల బకాయిలను 45 రోజుల్లో తీర్చాలని 2006 చట్టం చెబుతోంది. చేసిన పనికి సొమ్ము సకాలంలో అందకపోతే ప్రతినెలా జీతాలివ్వవలసిన చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ ముందుగా కుదేలవుతుంది.

డిజిటల్ రహదారి మనది, దానిపై వాహనాలు ఎవరివి?

గత పదిహేనేళ్లలో ప్రభుత్వం మరొక మార్గాన్ని ఎంచుకుంది. కంపెనీలకు రాయితీలివ్వడానికి బదులు, అందరూ వాడుకోగల డిజిటల్ రహదారులను తానే నిర్మించింది. ఆధార్, యూపీఐ అందుకు ఉదాహరణలు. 2016లో మొదలైన యూపీఐ ద్వారా 2025 ఆగస్టులో ఒకే నెలలో 2 వేల కోట్లకు పైగా లావాదేవీలు జరిగాయి. పల్లెలోని కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్ సంకేతం కనిపిస్తోంది.

రహదారి దేశీయమే. కానీ దానిపై లావాదేవీల్లో 80 శాతానికి పైగా వాల్‌మార్ట్ యాజమాన్యంలోని ఫోన్‌పే, గూగుల్ పే ద్వారానే సాగుతున్నాయి. ఏ ఒక్క సంస్థ వాటా 30 శాతం మించరాదని జాతీయ చెల్లింపుల సంస్థ నియమం పెట్టినా, అమలు గడువును 2026 డిసెంబరు చివరి వరకు పొడిగించింది. మౌలిక వ్యవస్థను స్వదేశంలో నిర్మించినంత మాత్రాన దానిపై వ్యాపారం స్వదేశీ సంస్థలకే దక్కుతుందన్న హామీ లేదని దీనివల్ల తెలుస్తోంది.

అందువల్లనే పోటీ చట్టం పాత్ర పెరిగింది. ఆండ్రాయిడ్ ఫోన్ల విషయంలో ఆధిపత్య స్థానాన్ని దుర్వినియోగం చేసిందన్న నిర్ధారణతో 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. ఫోన్‌లో ముందుగానే ఏయే యాప్‌లు ఉండాలి, యాప్ అమ్మకాలపై ఎంత కమీషన్ చెల్లించాలి అన్నవి దేశీయ సంస్థలకు జీవన్మరణ సమస్యలు.

స్వదేశీ భావన ఒక్కటే సరిపోదనడానికి కూ యాప్ నిదర్శనం. 2020లో మొదలైన ఆ సామాజిక మాధ్యమంలో కేంద్ర మంత్రులు, ప్రభుత్వ శాఖలు ఖాతాలు తెరిచాయి. అయినా నిరంతర పెట్టుబడి, వాడకందారుల స్థిరమైన ఆదరణ లభించక 2024 జూలైలో అది మూతపడింది.

పెట్టుబడి, పరిశోధన, ప్రాంతీయ పోటీ

ఉత్పత్తి సంస్థకు పెట్టుబడి ఎక్కడినుంచి వస్తుందన్నది మరో ప్రశ్న. 2012లో ప్రవేశపెట్టిన ఒక పన్ను నిబంధన ప్రకారం, అంకుర సంస్థ వాటాలను అధికారులు లెక్కగట్టిన విలువ కంటే ఎక్కువకు అమ్మితే ఆ తేడాను ఆదాయంగా పరిగణించేవారు. ఏంజెల్ ట్యాక్స్‌గా పేరుపడిన ఈ నిబంధన కొత్త ఆలోచనకు విలువ కట్టే పనిని పన్ను అధికారికి అప్పగించింది. 2024 బడ్జెట్‌లో దాన్ని రద్దు చేశారు. ఈలోగా అనేక సంస్థలు సింగపూరులోనో, అమెరికాలోనో రిజిస్టరు చేసుకున్నాయి. చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌వర్క్స్ అమెరికా కంపెనీగానే 2021లో నాస్‌డాక్‌లో నమోదైంది. తిరిగి రావాలనుకున్నవారికీ ఖర్చు తప్పలేదు. 2022లో సింగపూరు నుంచి భారతదేశానికి మారిన ఫోన్‌పే పెట్టుబడిదారులు దాదాపు 8 వేల కోట్ల రూపాయల పన్ను చెల్లించవలసి వచ్చింది.

పరిశోధనపై దేశం చేసే ఖర్చు జాతీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే. ప్రైవేటు పరిశోధనకు ఊతమిచ్చే లక్ష కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2025 జూలైలో ఆమోదించింది. కృత్రిమ మేధ మిషన్‌కు 2024 మార్చిలో 10 వేల కోట్లకు పైగా కేటాయించింది. భారతీయ భాషల కోసం 2022లో మొదలైన భాషిణి కార్యక్రమం ప్రత్యేకంగా గమనించదగినది. తెలుగు మాటను అక్షరంగా మార్చే సాఫ్ట్‌వేర్‌కు అవసరమైన భాషా సమాచారాన్ని ఒక చిన్న కంపెనీ ఒంటరిగా సేకరించలేదు. ప్రభుత్వం దానిని అందరికీ అందుబాటులో ఉంచితే తెనాలిలోని అంకుర సంస్థ కూడా రైతు మాట్లాడితే జవాబిచ్చే యాప్‌ను తయారుచేయగలుగుతుంది.

రాష్ట్రాల పోటీ ఇంకో కోణం. తెలంగాణ 2015లో టీ-హబ్‌ను నెలకొల్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో విశాఖపట్నంలో టీసీఎస్‌కు 21 ఎకరాలకు పైగా భూమిని నామమాత్రంగా 99 పైసలకు ఇవ్వాలని నిర్ణయించింది. పెద్ద సంస్థ వస్తే ఉద్యోగాలు వస్తాయి, నగరానికి పేరు వస్తుంది అన్నది ప్రభుత్వ వాదన. అదే నగరంలో పదిమందితో అద్దె గదిలో పనిచేసే ఉత్పత్తి సంస్థకు ఏమిస్తున్నారన్నది పక్కనే నిలిచే ప్రశ్న. దేశంలో 1,700కు పైగా ఉన్న బహుళజాతి సంస్థల సొంత కేంద్రాల్లో సుమారు 19 లక్షల మంది పనిచేస్తున్నారు. జీతాలు మెరుగే. కానీ అక్కడ తయారయ్యే మేధోసంపత్తి మాతృ సంస్థదే.

పరిమాణం ఒక్కటే నిర్ణాయకం కాదని పొరుగున శ్రీలంక చెబుతోంది. 2005లో కొలంబోలో మొదలైన డబ్ల్యూఎస్ఓ2, ఓపెన్ సోర్స్ ఉత్పత్తులతోనే ప్రపంచ సంస్థలను ఖాతాదారులుగా సంపాదించుకుంది.

ఇప్పుడెందుకు ముఖ్యం?

సేవల నమూనాకు ఇప్పుడు రెండు వైపుల నుంచి ఒత్తిడి వస్తోంది. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించారు. ఈ వీసాలు పొందేవారిలో అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. మరోవైపు ప్రోగ్రాములు రాసే పనిలో కొంత భాగాన్ని కృత్రిమ మేధ చేపడుతోంది. గంటల లెక్కన అమ్మే పని తగ్గితే, దాని మీద ఆధారపడిన కొత్త పట్టభద్రులపై మొదటి దెబ్బ పడుతుంది.

ఐదు దశాబ్దాల చరిత్ర ఒక విషయాన్ని స్పష్టం చేస్తోంది. ప్రభుత్వం ఏది కొలిచిందో పరిశ్రమ అదే పెంచింది. డాలర్లను కొలిచినప్పుడు ఎగుమతులు పెరిగాయి. ఇకపై మూడు ప్రశ్నలకు కూడా ఏటా లెక్క చెప్పడం అవసరం. ప్రభుత్వ శాఖల సాఫ్ట్‌వేర్ కొనుగోళ్లలో దేశీయ ఉత్పత్తుల వాటా ఎంత? అంకుర సంస్థలకు ఇచ్చిన నిబంధనల సడలింపును ఎన్ని టెండర్లలో నిజంగా అమలుచేశారు? చిన్న సంస్థల బిల్లులు సగటున ఎన్ని రోజుల్లో చెల్లించారు? వీటికి సమాధానాలు ప్రజల ముందుకు వస్తే, 2019 విధానం కాగితంపై ఎంత, ఆచరణలో ఎంత అన్నది పౌరులే తేల్చుకోగలరు.

స్వావలంబన అంటే విదేశీ సాఫ్ట్‌వేర్‌ను బహిష్కరించడం కాదు. మన సంస్థల ఆదాయంలో అధికభాగం ఇతర దేశాలు మన సాఫ్ట్‌వేర్ పనిని ఆదరించడం వల్లనే వస్తోంది. తలుపులు మూసుకుంటే ముందు నష్టపోయేది మనమే. అయితే చమురుశుద్ధి కర్మాగారం, విద్యుత్ గ్రిడ్, బ్యాంకు, ఆసుపత్రి వంటి చోట్ల ఒక సేవ ఆగిపోయిన నాడు మారడానికి మరొకటి సిద్ధంగా ఉండాలి. ఆ ప్రత్యామ్నాయాన్ని తయారుచేయగల ఇంజనీర్లకు దేశంలో కొదవలేదు. వారు తయారుచేసినదాన్ని మొదట కొని వాడే ధైర్యం ప్రభుత్వ శాఖలకు, ప్రభుత్వరంగ సంస్థలకు, బ్యాంకులకు ఉందా అన్నదే తేలవలసి ఉంది.